ముందు చూసింది రాయండి, తర్వాత విన్నది

క్యాజువాలిటీలో రోగి కంటే ముందు కథ వస్తుంది. "కత్తితో నరికారు సార్", "పురుగుమందు తాగాడమ్మా", "ఏం లేదు మేడమ్, బాత్రూంలో జారిపడింది". స్ట్రెచర్ ఇంకా గుమ్మం దాటదు, అప్పటికే డ్యూటీ డాక్టరు మనసులో ఒక బొమ్మ పడిపోతుంది. ఆ తర్వాత కనిపించే గాయమంతా ఆ బొమ్మకు సరిపోతున్నట్టే ఉంటుంది. హౌస్ సర్జన్లు, పీజీలు, ఏరియా ఆసుపత్రుల్లోనూ పీహెచ్‌సీల్లోనూ కొత్తగా చేరిన సివిల్ అసిస్టెంట్ సర్జన్లు, ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చునేవాళ్లు, అందరి పనిలోనూ ఈ చిక్కు ఉంది. గత ఇరవై ఏళ్లలో ఫోరెన్సిక్ సైన్సు, పాథాలజీ, వైద్య విద్య రంగాల్లో జరిగిన పరిశోధన దీని గురించి చాలా చెప్పింది. అందులో రేపటి డ్యూటీకి పనికొచ్చేది మీకు చెప్పాలని రాస్తున్నాను.

మొదట ఒక ప్రయోగం సంగతి. 2004 మార్చిలో మాడ్రిడ్ రైళ్లలో బాంబులు పేలాయి. అక్కడ దొరికిన ఒక వేలిముద్ర అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన ఒక లాయరుదని ఎఫ్‌బీఐ నిపుణులు తేల్చారు. ఆయన్ను నిర్బంధించారు కూడా. ఆ ముద్ర వేరే మనిషిదని స్పెయిన్ పోలీసులు తేల్చాక ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఈ ఉదంతాన్ని ఇటియెల్ డ్రోర్ అనే పరిశోధకుడు తన ప్రయోగానికి వాడుకున్నాడు. అనుభవం పండిన ఐదుగురు వేలిముద్ర నిపుణులకు ఒక్కో జత ముద్రలు ఇచ్చి, ఇవి ఎఫ్‌బీఐ పొరబడిన ముద్రలని చెప్పించాడు. నిజానికి అవి దాదాపు ఐదేళ్ల కిందట ఆ నిపుణులే సొంత కేసుల్లో చూసి, ఒకే మనిషివని తేల్చిన ముద్రలు. ఇప్పుడు ఐదుగురిలో నలుగురు తమ పాత నిర్ణయాన్ని మార్చుకున్నారు. 2006లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మధ్యలో మారిందల్లా వాళ్ల చెవిన పడిన ఒక్క మాట.

అదే డ్రోర్ మరికొందరితో కలిసి 2021లో ఈ ప్రశ్నను శవపరీక్ష బల్ల దాకా తెచ్చాడు. 133 మంది ఫోరెన్సిక్ పాథాలజిస్టులకు ఒకే పసిబిడ్డ పోస్టుమార్టం వివరాలు పంపారు: పుర్రె ఎముక విరిగింది, మెదడు పొరల మధ్య రక్తం ఉంది. తేడా ఒక్కటే. కొందరికి బిడ్డ నల్లజాతి అనీ, ఆ సమయంలో చూసుకుంటున్నది తల్లి ప్రియుడనీ చెప్పారు. మిగతావారికి బిడ్డ తెల్లజాతి అనీ, చూసుకుంటున్నది అవ్వ అనీ చెప్పారు. మొదటి కథ విన్నవాళ్లలో ప్రమాదం అన్నవాళ్ల కంటే హత్య అన్నవాళ్లు ఎక్కువ, రెండో కథ విన్నవాళ్లలో హత్య అన్నవాళ్ల కంటే ప్రమాదం అన్నవాళ్లు ఎక్కువ.

ఈ వ్యాసం మీద అమెరికా పాథాలజిస్టులు మండిపడ్డారు. ఘటన వివరాలు తెలుసుకోవడం మా వృత్తిలో భాగమే కదా, దాన్ని పక్షపాతం అంటారేమిటి అన్నారు. వాళ్ల మాటలో నిజముంది. బావిలో తేలిన శవం మునిగి చనిపోయిందని శరీరం చెబుతుంది. తనే దూకిందా, కాలు జారిందా, ఎవరైనా తోశారా అన్నది చాలాసార్లు శరీరం ఒక్కటే చెప్పలేదు, చుట్టుపక్కల వివరాలు కావాలి. నా మటుకు నాకు రెండు పక్షాలూ ఒప్పే అనిపిస్తుంది. కథ అక్కరలేదని కాదు, అది ఎప్పుడు వినాలన్నదే అసలు ప్రశ్న. దీనికి డ్రోర్, ఆయన సహచరులు ఒక పద్ధతి చెప్పారు. ముందు సాక్ష్యాన్ని ఒంటరిగా చూడాలి, చూసింది రాసి పెట్టుకోవాలి, ఆ తర్వాతే మిగతా వివరాలు ఒక్కొక్కటిగా తెరవాలి. వివరాలు తెలిశాక అభిప్రాయం మారితే మార్చుకోవచ్చు, కానీ ఏది తెలిశాక మారిందో కాగితం మీద కనిపించాలి. పరికరాలు, బడ్జెట్టు అక్కర్లేని పద్ధతి ఇది. మన ఏరియా ఆసుపత్రిలో కూడా ఈ రాత్రి నుంచే మొదలుపెట్టొచ్చు.

ప్రాణం నిలబెట్టడం అన్నిటికంటే ముందు, అందులో వాదన లేదు. ఊపిరి, రక్తస్రావం, సెలైన్ చూసుకోవడానికి ఎంత కథ కావాలో అంతా వినండి. రోగి కుదుటపడ్డాక ఎంఎల్‌సీ రిజిస్టరు తెరిచినప్పుడు మాత్రం మూడు భాగాలుగా రాయండి. తీసుకొచ్చినవాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే, చెప్పింది ఎవరో పేరుతో సహా ఒక చోట. మీరు కళ్లారా చూసింది, కొలిచింది ఇంకో చోట. మీ అభిప్రాయం వేరేగా చివర్లో. గాయాన్ని వర్ణించే వాక్యంలోకి ఆయుధం పేరు రానివ్వకండి.

ఈ నియమం ఎందుకంత ముఖ్యమో తల మీద గాయం ఒక్కటి చూస్తే తెలుస్తుంది. తల, కనుబొమ, చెక్కిలి ఎముక, ముంగాలు లాంటి చోట్ల చర్మం కింద వెంటనే ఎముక ఉంటుంది. అక్కడ కర్ర దెబ్బ తగిలినా, గోడకు కొట్టుకున్నా చర్మం ఎముకకూ వస్తువుకూ మధ్య నలిగి, కత్తితో కోసినట్టు తిన్నగా చీలుతుంది. మన విద్యార్థులందరి దగ్గరా ఉండే డాక్టర్ కె.ఎస్. నారాయణరెడ్డి గారి ఫోరెన్సిక్ మెడిసిన్ పుస్తకంలో ఇది ఉంది, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా అందరూ రాసే ఉంటారు. అయినా రాత్రి రెండింటికి, బయట బంధువులు "కత్తితో కొట్టారు" అని అరుస్తుంటే, చాలామంది కలం "ఇన్‌సైజ్డ్ వూండ్" అనే రాస్తుంది. భూతద్దం తీసి చూడండి. అంచులు నలిగాయా? వెంట్రుకల మొదళ్లు చితికాయా? గాయం లోపల ఒక అంచు నుంచి ఇంకో అంచుకు సన్నని కండ పోగులు, రక్తనాళాలు తెగకుండా సాగి ఉన్నాయా? అవి ఉంటే అది కత్తి గాటు కాదు. కత్తి వాటిని మిగల్చదు. కుట్లు వేశాక ఈ ఆనవాళ్లేవీ మిగలవు కాబట్టి, కుట్లకు ముందే చూడాలి. వీలైతే స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయించాలి.

మీరు రాసిన ఆ ఒక్క పదంతో సెక్షన్ మారిపోతుంది. భారతీయ న్యాయ సంహితలో మామూలు గాయానికి 115(2), శిక్ష ఏడాది దాకా. కోసే ఆయుధంతో చేసిన గాయమైతే 118(1), మూడేళ్ల దాకా. తోపులాటలో గుమ్మానికి తల కొట్టుకున్న మనిషి వల్ల, ఎదుటివాడు కత్తి పట్టినవాడిగా బోనులో నిలబడతాడు. లేదా నిజంగా కత్తి దెబ్బ తిన్నవాడికి, డిఫెన్సు లాయరు అడిగిన రెండు ప్రశ్నలతో న్యాయం జారిపోతుంది.

గాయానికి పొడవు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో రాయండి. "రూపాయి బిళ్లంత", "చిన్నది" అని రాయకండి. ఎక్కడుందో కదలని గుర్తు నుంచి కొలవండి: కుడి చెవి పైన ఇన్ని సెంటీమీటర్లు, నడినెత్తి గీతకు ఎడమగా ఇన్ని సెంటీమీటర్లు. మనిషిని గుర్తుపట్టడానికి పుట్టుమచ్చలు రెండు రాయడం తప్పనిసరి. రంగు రాయండి, కానీ రంగు చూసి రోజులు లెక్కగట్టకండి. కమిలిన గాయం ఎర్రగా ఉంటే ఇన్ని గంటలు, ఆకుపచ్చగా ఉంటే ఇన్ని రోజులు అన్న పట్టిక మనందరం బట్టీ పట్టిందే. ఆ పట్టికను పరిశోధన నిలబెట్టలేదు. 1991లో లాంగ్లోయ్, గ్రెషమ్ అనే ఇద్దరు ఫొటోలు తీసి వరసగా గమనిస్తే, పసుపు రంగు ఉంటే గాయం కనీసం 18 గంటల నాటిదని తప్ప గట్టిగా చెప్పగలిగింది దాదాపు ఏమీ లేదు. పిల్లల గాయాల మీద 2005లో వచ్చిన ఒక సమీక్ష, రంగును బట్టి వయసు చెప్పడం శాస్త్రీయంగా కుదరదని తేల్చింది. పోలీసు రిక్విజిషన్‌లో "ఏజ్ ఆఫ్ ఇంజురీ" అన్న గడి ఉంటుంది. దాన్ని నింపాలన్న మొహమాటంతో "2 నుంచి 3 రోజులు" అని రాసేస్తే, ఘటన ఆ రోజు జరగలేదని వాదించడానికి మీ కాగితమే చాలు. "రంగును బట్టి కచ్చితంగా చెప్పలేము, చెప్పిన సమయానికి విరుద్ధంగా లేదు" అని రాయడం పిరికితనం కాదు. ఇవాళ్టి శాస్త్రం చెప్పగలిగింది అంతే.

ఒక అంకె మాత్రం కొత్తగా గుర్తు పెట్టుకోవాలి. తీవ్ర గాయం నిర్వచనంలో పాత ఐపీసీ 320 ఇరవై రోజులు అంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన న్యాయ సంహిత 116వ సెక్షన్‌లో అది పదిహేను రోజులైంది. ఆ తేదీకి ముందు జరిగిన ఘటనకు పాత లెక్కే వర్తిస్తుంది. పాత పుస్తకంతో చదివి డ్యూటీలో చేరినవాళ్లు ఇక్కడ పొరబడే ప్రమాదం ఉంది. పదిహేను రోజులు బెడ్డు మీద ఉన్నంత మాత్రాన గాయం తీవ్రమైపోదు. తీవ్రమైన నొప్పితో ఉన్నాడా, తన మామూలు పనులు చేసుకోలేకపోయాడా అన్నది కేస్ షీట్‌లో కనిపించాలి. ఎక్స్‌రే రాకముందే వూండ్ సర్టిఫికెట్ మీద "సింపుల్" అని గీకేసి ఇచ్చేయమని ఎవరు తొందరపెట్టినా, అభిప్రాయం ఎక్స్‌రే తర్వాత అని రాసి తేదీ వేయండి.

లైంగిక దాడి కేసుల్లో పాత చదువు మరీ ఎక్కువ హాని చేస్తుంది. రెండు వేళ్ల పరీక్ష బాధితురాలి గౌరవానికి భంగమని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. 2022 అక్టోబరు 31న జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ హిమా కోహ్లీ ధర్మాసనం ఇంకా గట్టిగా చెప్పింది. ఆ పరీక్ష చేసినవాళ్లు దుష్ప్రవర్తనకు పాల్పడ్డట్టేనని, వైద్య కళాశాలల పాఠ్యాంశాలను కూడా సమీక్షించాలని ఆదేశించింది. అయినా పాత భావాలు ఎంత మొండివంటే, 2024 ఆగస్టు చివర్లో విడుదలైన ఎన్ఎంసీ మార్గదర్శకాల్లో ఫోరెన్సిక్ మెడిసిన్ కింద కన్యత్వం లాంటి కాలం చెల్లిన అంశాలు మళ్లీ వచ్చాయి. విమర్శలు రావడంతో సెప్టెంబరు మొదట్లో వాటిని వెనక్కి తీసుకుని సవరించారు. మీరు చేయాల్సింది స్పష్టం. సమ్మతి తీసుకోండి. గాయాలుంటే రాయండి, లేకపోతే లేవని రాయండి. గాయాలు లేకపోవడం దాడి జరగలేదనడానికి రుజువు కాదు కాబట్టి, "జరగలేదు" అన్న మాట మీ కలం నుంచి రాకూడదు. పూర్వపు లైంగిక అనుభవం గురించి ఒక్క ముక్కా వద్దు. నాగరిక్ సురక్షా సంహిత 184 ప్రకారం నివేదిక ఏడు రోజుల్లో దర్యాప్తు అధికారికి చేరాలి. చికిత్స ఉచితంగా, వెంటనే ఇవ్వాలి. ఏ ఆసుపత్రి అయినా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ఇవ్వకపోతే అది నేరం.

పురుగుమందు కేసులు మన జిల్లాల్లో దాదాపు రోజూ వచ్చేవే. వీటిలో కథ మీద నమ్మకం వల్ల కాక, సీసా మీద అశ్రద్ధ వల్ల నష్టం జరుగుతుంది. కడుపు కడిగిన మొదటి నీళ్లు, చేరిన రోజు తీసిన రక్తం, మూత్రం చాలా విలువైనవి. పది రోజులు ఐసీయూలో ఉండి చనిపోయిన మనిషి విస్రాలో విషం దొరకకపోవచ్చు, అప్పుడు ఆ మొదటి రోజు నమూనాలే దిక్కు. పోస్టుమార్టంలో రసాయన పరీక్షకు పంపేవి సాధారణంగా సంతృప్త ఉప్పు ద్రావణంలో వేస్తాం. ఫార్మలిన్‌లో వేస్తే విషాన్ని కనుక్కోవడం కష్టమవుతుంది. యాసిడ్ లాంటి వాటికి ఉప్పు బదులు రెక్టిఫైడ్ స్పిరిట్ వాడతాం. వాడిన ద్రావణం నమూనా కూడా వేరే సీసాలో పంపాలి, లేకపోతే విషం ద్రావణంలోంచే వచ్చిందన్న వాదనకు జవాబుండదు. హిస్టోపాథాలజీకి పంపే ముక్కలకు మాత్రం ఫార్మలినే. ఈ రెండు సీసాలూ మార్చురీలో పక్కపక్కనే ఉంటాయి, లేబుల్ అంటించే పని అటెండరుకు వదిలేయకండి. ఎఫ్ఎస్ఎల్ నుంచి "విషం కనపడలేదు" అని రిపోర్టు వచ్చినంత మాత్రాన విషం తాగలేదని అర్థం కాదని కూడా మీ తుది అభిప్రాయంలో వివరించండి. వాంతులు, కడుపు కడగడం, శరీరం దాన్ని విరిచేయడం, శవం కుళ్లడం, ఏదైనా కారణం కావచ్చు.

ఇప్పుడు బయాప్సీ సంగతి. ఇక్కడ జబ్బు తిరగబడుతుంది. క్యాజువాలిటీలో కథ ఎక్కువై కన్ను చెదిరితే, హిస్టోపాథాలజీలో కథ లేక కన్ను గుడ్డిదవుతుంది. సర్జరీ విభాగం నుంచి వచ్చే రిక్విజిషన్ మీద చాలాసార్లు పేరు, వయసు, "బయాప్సీ" అన్న మాట తప్ప ఏమీ ఉండదు. ఎముక గడ్డకు ఎక్స్‌రే చూడకుండా రోగ నిర్ధారణ చేయకూడదన్నది పాథాలజీలో పాత సూత్రం. గర్భాశయపు పొర ముక్కకు చివరి నెలసరి తేదీ లేకపోతే సగం అర్థం పోతుంది. కాబట్టి సర్జన్లకు నా విన్నపం, ఐదు వాక్యాలు రాయండి. పాథాలజీ పీజీలకు సలహా, స్లైడును ముందు తక్కువ పవర్‌లో రిక్విజిషన్ చదవకుండా ఒకసారి చూసి, మనసుకు తోచింది చిన్న కాగితం మీద రాసుకుని, అప్పుడు వివరాలు చదివి మళ్లీ చూడండి. రెండు చూపులకూ తేడా వచ్చిన కేసులు మీ గైడుతో చర్చించండి, మీ శిక్షణలో ఎక్కువ నేర్పేవి అవే.

ఆపరేషన్ థియేటరు సిస్టర్లు ఈ ఒక్క పేరా తప్పక చదవాలి. రొమ్ము క్యాన్సర్ ముక్క బయటికి తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి. అందులో కనీసం 6 గంటలు, అత్యధికంగా 72 గంటలు ఉండాలి. అమెరికా క్యాన్సర్, పాథాలజీ సంఘాలు హార్మోన్ రిసెప్టర్ పరీక్షలకు పెట్టిన ప్రమాణం ఇది. పది శాతం ఫార్మలిన్, ముక్క పరిమాణానికి పదింతలు. శనివారం సాయంత్రం తీసిన రొమ్మును సెలైన్‌లో వేసి సోమవారం పొద్దున ల్యాబుకు పంపితే, ఉన్న రిసెప్టర్ లేదని రిపోర్టు రావచ్చు. అప్పుడు టామోక్సిఫెన్ లాంటి చవకైన, ఏళ్లకేళ్లు ప్రాణం కాపాడే మాత్ర ఆ తల్లికి అందకుండా పోతుంది. తీసిన టైము, ఫార్మలిన్‌లో వేసిన టైము, రెండూ డబ్బా మీద రాయండి.

ఇక అందరం రోజూ చేసేది, అందరం తేలిగ్గా తీసుకునేది: మరణ కారణ ధ్రువపత్రం. ఆసుపత్రిలో మరణానికి ఫారం 4, బయట జరిగితే ఫారం 4ఎ. దేశంలో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి 2020లో 22.5 శాతమే. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకొచ్చిన జనన మరణాల నమోదు చట్ట సవరణ ప్రకారం ఆసుపత్రులు ఈ పత్రాన్ని రిజిస్ట్రారుకు పంపాలి, ఒక ప్రతి దగ్గరి బంధువుకు ఉచితంగా ఇవ్వాలి. అంటే మీరు రాసింది ఇప్పుడు ఆ ఇంటి బీరువాలో కూడా ఉంటుంది.

దేశంలోని ఎన్నో వైద్య కళాశాలలు తమ ఆసుపత్రి ఫారాలను పరిశీలించి వ్యాసాలు రాశాయి. వాటిలో పదే పదే కనిపించే తప్పు "కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్". గుండె ఆగడం, ఊపిరి ఆగడం చావుకు కారణం కాదు, అదే చావు. ఒక రైతును ఊహించుకోండి. పదిహేనేళ్లుగా షుగరు, పది రోజుల కిందట కుడి పాదం కుళ్లింది, ఆ ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకి ఒక్క రోజులో బీపీ పడిపోయి పోయాడు. మొదటి భాగంలో (ఎ) గీత మీద సెప్టిక్ షాక్, ఒక రోజు. దానికి కారణం (బి)లో కుడి పాదం గాంగ్రిన్, పది రోజులు. దానికి మూలం (సి)లో టైప్ 2 మధుమేహం, పదిహేనేళ్లు. మరణానికి తోడ్పడినా ఈ గొలుసులో లేని జబ్బు ఏదైనా ఉంటే, పాత గుండె జబ్బు లాంటిది, రెండో భాగంలో. ప్రభుత్వ లెక్కల్లోకి వెళ్లేది అడుగు గీత మీద ఉన్న మూలకారణం. మీరు పైన "అరెస్ట్" అని రాసి కింద ఖాళీ వదిలితే, ఈ రైతు మధుమేహంతో పోయాడన్న సంగతి దేశానికి ఎప్పటికీ తెలియదు. ఆ జిల్లాలో డయాబెటిక్ ఫుట్ క్లినిక్ అడగడానికి మన దగ్గర అంకె ఉండదు. పొట్టి అక్షరాలు వద్దు, "ఎంఐ" అంటే ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి. విషం, ప్రమాదం, అనుమానం ఉన్న మరణమైతే కారణం రాసి శవం ఇచ్చేయకండి, పోలీసులకు ఇంటిమేషన్ పంపండి. ప్రధానమంత్రి సురక్షా బీమా డబ్బు రెండు లక్షలు ప్రమాద మరణానికే వస్తుంది. పాముకాటుతో పోయిన మనిషికి "కార్డియాక్ అరెస్ట్" రాసి పంపేస్తే ఆ కుటుంబం ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో ఆలోచించండి.

మనకు తెలిసిన కారణమే నిజమైన కారణమన్న భరోసా కూడా అంతగా ఉంచుకోకూడదు. షోజానియా బృందం 2003లో జామా పత్రికలో, నలభై ఏళ్ల శవపరీక్షల పరిశోధనలను కలిపి చూసింది. బతికుండగా వైద్యులు చెప్పిన జబ్బుకూ శవపరీక్షలో తేలినదానికీ పెద్ద తేడా ఉన్నవి మధ్యస్థంగా 23.5 శాతం. ముందే తెలిసి ఉంటే రోగి ఫలితం మారి ఉండొచ్చు అన్నవి 9 శాతం. కాలంతోపాటు ఈ తప్పులు తగ్గాయి, పూర్తిగా పోలేదు. శవపరీక్షకు ఎంచుకునే కేసులే చిక్కువి కాబట్టి మామూలు వార్డుకు ఈ అంకెను యథాతథంగా అంటగట్టలేం. అయినా సీటీ, ఎంఆర్‌ఐ చేతిలో ఉన్నాయని శవపరీక్ష అక్కర్లేదనుకునే ప్రొఫెసర్లు ఆ జామా వ్యాసం చదవాలని నా కోరిక.

ఇవన్నీ ఎలా నేర్చుకోవాలి? ఒక సీఎంఈ పెట్టి, ఒక పవర్‌పాయింట్ చూపించి, టీ ఇచ్చి పంపితే నిలవదు. రోడిగర్, కార్పికే 2006లో చేసిన ప్రయోగంలో పాఠాన్ని నాలుగుసార్లు చదివినవాళ్లు వారం తర్వాత 40 శాతం గుర్తు తెచ్చుకున్నారు. ఒకసారి చదివి మూడుసార్లు చూడకుండా రాసినవాళ్లు 61 శాతం. 2009లో లార్సెన్ బృందం రెసిడెంట్ డాక్టర్లతో చేసిన పరిశోధనలో కూడా, పదే పదే పరీక్ష రాసినవాళ్లకు ఆరు నెలల తర్వాత ఎక్కువ గుర్తుంది. కాబట్టి మీ యూనిట్‌లో నెలకోసారి పేర్లు తీసేసిన పాత కేస్ షీట్లు కొన్ని పంచి, అందరి చేతా ఫారం 4 నింపించి, పక్కవాళ్లతో పోల్చి చూసుకోండి. గాయాల ఫొటోలతో కూడా ఇదే. మొదటిసారి కథ చెప్పకుండా, రెండోసారి కథ చెప్పి. తమ వర్ణన ఎలా మారిందో హౌస్ సర్జన్లు తమ చేతిరాతలోనే చూసుకుంటే డ్రోర్ గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

థీసిస్ టాపిక్ కోసం వెతుక్కుంటున్న పీజీలకు ఇక్కడే పని ఉంది. ఐసీఎంఆర్-ఎన్ఐఈ చెన్నై నడిపే బయోమెడికల్ రీసెర్చ్ ప్రాథమిక కోర్సు ఎలాగూ చేయాలి, దాన్ని సర్టిఫికెట్ కోసం కాకుండా ఒక ప్రశ్న చేతిలో పెట్టుకుని చేయండి. మీ ఆసుపత్రి ఫారం 4ల్లో ఎన్నింటిలో మూలకారణం సరిగా ఉంది? శిక్షణ తర్వాత ఆరు నెలలకు ఎంత మారింది? రిక్విజిషన్‌లో వివరాలు ఉన్నప్పుడూ లేనప్పుడూ బయాప్సీ రిపోర్టులో తేడా ఎంత? ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి, ఫారాలు, స్లైడ్లు ఇద్దరి చేత చదివించి, ఒకరి సమాధానం ఇంకొకరికి తెలియకుండా ఏర్పాటు చేయండి. డబ్బు కట్టగానే వారంలో అచ్చు వేస్తామనే పత్రికల జోలికి వెళ్లకండి. ఇలాంటి చిన్న, నిజాయితీ గల లెక్కలు తెలుగు రాష్ట్రాల ఆసుపత్రుల నుంచి ఎక్కువగా రావాలి.

మీరు రాసిన కాగితం కోర్టుకు చేరేసరికి మీరు ఏ ఊళ్లో ఉంటారో తెలియదు. నాగరిక్ సురక్షా సంహిత వీడియోలో సాక్ష్యం చెప్పడానికి దారి తెరిచింది. మీరు బదిలీ అయినా రిటైరైనా మీ స్థానంలో ఉన్న అధికారి ఆ రిపోర్టును కోర్టు ముందు పెట్టేందుకు వీలు కల్పించింది. అంటే మిమ్మల్ని ఎప్పుడూ చూడని ఒక డాక్టరు మీ చేతిరాతను చదివి అర్థం చేసుకోవాలి. పోస్టుమార్టం రిపోర్టులు చదవగలిగేలా రాయాలని 2024 జనవరిలో ఒడిశా హైకోర్టు ఆదేశించింది కూడా. టైపు చేసే చోట ఇంకో ప్రమాదం ఉంది: పాత రిపోర్టు కాపీ చేసి పేరు మార్చడం. గర్భసంచి తీసేసిన ఆవిడకు "గర్భసంచి సాధారణం" అని పడితే, మిగతా రిపోర్టంతా నిజమైనా ఎవరూ నమ్మరు.

మొదటి రోజు కాగితం విలువ ఒక కేసులో చూద్దాం. 2007లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో ఒక విద్యార్థిని హత్యకు గురైంది. శిక్ష పడిన యువకుణ్ని 2017లో హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. 2019 డిసెంబరులో, పన్నెండేళ్ల తర్వాత, తెనాలిలో ఆమె సమాధి తవ్వి మళ్లీ పరీక్షించాల్సి వచ్చింది. పన్నెండేళ్లకు మిగిలేది ఎముకలు. చర్మం మీది గాయానికీ, కమిలిన రంగుకూ, మెత్తని కండకూ సంబంధించిన ప్రశ్నలకు అప్పుడు మిగిలే జవాబు మొదటి రోజు కాగితం మాత్రమే.

సీనియర్లు, విభాగాధిపతులు ఒక పని చేయండి. వచ్చే సోమవారం మీ యూనిట్‌లో గత నెల రాసిన ఫారం 4లు, వూండ్ సర్టిఫికెట్లు బల్ల మీద పరిచి, హౌస్ సర్జన్ల పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చదవండి. తప్పు చేసినవాళ్లను అందరి ముందూ నిలదీయకండి. సరిగా ఎలా రాయాలో మీరే కలం తీసుకుని ఒకటి రాసి చూపించండి.